బిఫోర్ టీచర్

హలో… ఆ, నేనేనండీ డాక్టరుగారూ. మీ క్లినిక్‌లోనే, బయట కుర్చీల్లో కూర్చున్నాను.

… కెమెరాలో చూసి ఫోన్ చేశారా? మంచిదే. పక్కనున్నది మా చెల్లెలు. గుర్తుపట్టే ఉంటారు.

… అపాయింట్‌మెంట్ ఏం లేదు. ఊరికే కూర్చున్నాం. మీ పోస్టర్ కింద.

… గొడవా? ఇద్దరం నోరు కూడా విప్పలేదు. జనమే పోస్టర్ చూస్తున్నారు, మమ్మల్ని చూస్తున్నారు, మళ్ళీ పోస్టర్ చూస్తున్నారు.

… ఇవాళ 'మేడమ్' అయ్యానే. పోయిన నెల 'ఏమ్మా' కదా.

… ఎందుకు మర్చిపోతాను? మంగు మచ్చలు పోతాయని ఆరుసార్లు మొహానికి లేజర్ లైటు పెట్టారు. నాలుగోసారి బుగ్గ కాలింది. మంటండీ అంటే, ఓర్చుకోవాలన్నారు. ఉన్న మచ్చ ఇంకా నల్లబడింది. సరే, నా ఖర్మ అనుకుని ఊరుకున్నా…

— ఆగండి, నన్ను చెప్పనివ్వండి. ఊరుకున్నందుకు నా మొహం తీసుకెళ్ళి 'బిఫోర్' అని పెట్టారు. నాకు తోడొచ్చిన ఈ పిల్లని, రంగు పోల్చి చూడాలి ఒక్క ఫోటో అని కూర్చోబెట్టి, దాని మొహం 'ఆఫ్టర్' అని పెట్టారు.

… పోలికలా? అక్కాచెల్లెళ్ళం, ఉండవా మరి. దాని గడ్డం మీద పుట్టుమచ్చ చూసుకోలేదా? మీ లైటుకి మచ్చలు పోతాయని విన్నాను గానీ, కొత్తవి మొలుస్తాయని వినలేదు.

… చిన్న విషయమా? మా స్కూలు ఎదురుగా బస్టాపులో కూడా అతికించారు. ఏడో తరగతి పిల్లలు నాకేం పేరు పెట్టారో తెలుసా? బిఫోర్ టీచర్. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నవ్వులు.

… రెండుసార్లు వచ్చి బతిమాలానుగా, తీసేయమని. 'నిన్నెవరు గుర్తుపడతారమ్మా' అన్నారు. ఇక్కడున్న తొమ్మిదిమందీ గుర్తుపట్టారండీ.

… కొత్త మెషీనా? ఉచితంగానా? మీ మొహానికే పెట్టుకోండి.

… ఒక్క నిమిషం. — ఏంటండీ? ఆ, ఇందులో ఉన్నది నేనే. ఇది కాలిన మచ్చే, దగ్గరికొచ్చి చూడండి… — హలో, ఏం లేదు, మీ దగ్గరకొచ్చినావిడే. పాపం, తనకీ మంగే. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోతోంది.

… లోపలికి రాం. మాట్లాడాలంటే మీరే బయటికి రండి.

… తీయిస్తారా? ఇప్పుడే?

… వద్దు. రెండుసార్లు వచ్చి అడిగినప్పుడు తీయలేదు. ఇప్పుడు నేను వద్దంటున్నా.

… ఎందుకంటే, దాని కింద మమ్మల్నిద్దర్నీ ఫోటో తీసుకుంటామంటున్నారు ఇక్కడ కూర్చున్నవాళ్ళు. నలుగురికీ పంపుతారట. — నువ్విటు రావే, నీ బొమ్మ కింద నిలబడు… తల దించుకోకు, మనమేం తప్పు చేశామని.

… బతిమాలడం మీకూ బాగానే వచ్చు. ఉంటానండీ.

— ఆ, తియ్యండి.