అర్బాబ్‌కి ఏ తుపాకీ?

సలాలా, 1994 అక్టోబరు. ఖరీఫ్ అని అక్కడివాళ్ళు పిలిచే వానాకాలపు తుంపర ఆగిపోయి, కొండల మీది మంచు విడిపోయి, కొబ్బరితోటల మీద ఎండ కాస్తున్న పొద్దుపూట. ఒక ఒమానీ వర్తకుడి ఆఫీసులో లెక్కలు చూసే కాకినాడ రామ్మోహన్, అదే వర్తకుడి బండి నడిపే ఖానాపూర్ గంగన్నని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పనివాళ్ళందరూ అర్బాబ్ అని పిలిచే ఆ యజమాని పక్కగదిలో ఫోన్లో ఉన్నాడు. గంగన్నకి ఆ కుర్చీలో కూర్చోవడం కంటే ఎండలో టైరు మార్చడమే సుఖమనిపించింది.

“అలా గోడకేసి చూస్తే గోడ చెప్పదు గంగన్నా. మూడొందల డెబ్భై అయిదా, నాలుగొందల యాభై ఎనిమిదా?”

“గవేంది సారు, చెక్కు నంబర్లా?”

“తుపాకీ నంబర్లయ్యా బాబూ! తూటా ఎంత లావో చెప్పే నంబర్లు. పన్నెండింటికల్లా లండన్ షాపుకి ఫ్యాక్సు కొట్టాలి. అర్బాబ్ ఏమన్నారో తెలుసా? ‘గంగన్న ఏది చెప్తే అది రాయి’ అన్నారు. ఎమ్కాం చదివినవాణ్ణి, నన్నడగలేదు. నిన్నడగమన్నారు.”

“నన్నెందుకు?”

“అదే నేనూ అడుగుతున్నా. నిన్నెందుకు?”

“నాకేమెర్క సారు. నేను బండి నడిపేటోణ్ణి. టైరు సైజు అడుగుండ్రి, చెప్త.”

“మీ తాత ఆదిలాబాద్ అడవుల్లో పులిని కొట్టాడంటగా?”

“ఎవలు చెప్పిండ్రు?”

“అర్బాబే. థుమ్రేత్ వెళ్ళే దారిలో నువ్వే చెప్పావట. ఒకటి కూడా కాదు, మూడు పులులట.”

“రెండే చెప్పిన.”

“మరి మూడోది ఎక్కణ్ణించొచ్చింది?”

“ఎడారిల రోడ్డు శానా పొడుగుండె సారు. నాకు నిద్ర రావద్దని చెప్పుకుంట పోయిన. ఇంకింత దూరం పోయినంక ఇంకో పులి అచ్చింది.”

“ఇంకో వంద కిలోమీటర్లుంటే మీ జిల్లాలో పులులే మిగిలేవి కావన్నమాట.”

“నవ్వుండ్రి, నవ్వుండ్రి.”

“నేను నవ్వితే ఏమొచ్చిందిలే. ఇప్పుడు నువ్వు షికారీ మనవడివి. జనవరిలో అర్బాబూ, ఆయన చిన్నాన్న కొడుకూ టాంజానియా పోతున్నారు, అడవిదున్నల వేటకి. నీ పాస్‌పోర్టు కూడా వీసాకి పంపమన్నారు.”

“నా పాస్‌పోర్టా? నేనెందుకు సారు?”

“అడుగుజాడలు చూట్టానికి. తాత రక్తం ఎక్కడికి పోతుంది?”

“అడుగుజాడలా? మొన్న మెస్సు కాడ నేను ఇడిచిన చెప్పులే నాకు దొర్కలే. ఉత్తకాళ్ళతోని రూముకు అచ్చిన.”

“అయితే దున్నే నీ జాడ పట్టుకుంటుందిలే. కుర్చీ ఇటు జరుపు, కేటలాగు చూద్దాం. ఇదిగో, ఇది మూడొందల డెబ్భై అయిదు. జింక దగ్గర్నుంచి ఏనుగు దాకా అన్నిటికీ పనికొస్తుందట. దున్నకి ఇంతకంటే చిన్నది వద్దని రాశాడు. ఇదేమో నాలుగొందల యాభై ఎనిమిది. దీంతో కొడితే ఏనుగు నిలబడ్డచోటే కూలుతుందట. పేల్చినవాడి భుజం కూడా కూలేట్టుంది, అంత గట్టిగా వెనక్కి తన్నుతుందట.”

“గీ దానికి రెండు గొట్టాలెందుకున్నయి?”

“మొదటిది తప్పితే రెండోది పేల్చడానికి.”

“తప్పుతదని అమ్మేటోడే రాసిండా?”

“వాడెందుకు రాస్తాడయ్యా! నేనంటున్నా.”

“మరి గీ తుపాకి మీద గొట్టమేంది?”

“అది దుర్బీను. దూరంగా ఉన్నది దగ్గరగా కనపడుద్ది.”

“గది పెద్దది రాయుండ్రి.”

“నేనడిగేది తూటా సంగతి.”

“తూటా ఏదన్న పెట్టుండ్రి. దుర్బీను మాత్రం అన్నిట్ల పెద్దది పెట్టుండ్రి.”

“పొదల్లో నలభై గజాల్లో నిలబడ్డ దున్నకి అంత దుర్బీను దేనికయ్యా? పెద్దదుంటే అడ్డమని కూడా రాశాడు ఇక్కడ. దున్న ఒంటి మీద వెంట్రుకలు లెక్కపెట్టాలా ఏంటి?”

“ఉంటే ఏం పోయింది సారు?”

“సరే, రాస్తా. తూటా?”

“అర్బాబ్ ఏమంటడు?”

“గంగన్న ఏదంటే అదంటారు! రౌండెబౌట్ చుట్టూ తిప్పినట్టు తిప్పుతున్నావు, ఎక్కడా దిగనివ్వవు.”

“అయితే చిన్నది రాయుండ్రి. పిట్టల తుపాకి.”

“పిట్టల తుపాకీతో కొడితే దున్న నవ్వుతుంది.”

“నవ్వితే మంచిదే గద. కోపానికి రాదు.”

“గంగన్నా, నా మొహం చూసి చెప్పు. నీకు భయమేస్తోంది కదూ?”

“భయమే సారు.”

“ఇప్పుడొచ్చావు దారికి! మూడు పులుల మనవడికి దున్నంటే భయం. ఇది మా ఆవిడ శేషుకుమారికి చెప్తే అన్నం తినడం మానేసి నవ్వుద్ది.”

“తాత పులిని కొట్టలే.”

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి గూడ. ఆయన తుపాకి పట్టలే, డప్పు పట్టిండు. దొరలు మంచె మీద కూసుండి కాలుస్తరు. కిందికెల్లి డప్పులు కొట్టుకుంట జంతువును వాళ్ళ ముంగటికి ఎల్లగొట్టేటోళ్ళు ఉంటరు. మా తాత గాళ్ళల్ల ఒకడు.”

“ఓర్నీ! ఇంతసేపూ డప్పు కొట్టినాయన మనవణ్ణి పట్టుకుని తుపాకీ నంబరు అడుగుతున్నానా?”

“తుపాకి సంగతి మంచె మీదోళ్ళకన్న కిందోళ్ళకే ఎక్కువ ఎర్క సారు.”

“అదెలా?”

“దెబ్బ సక్కగ తాకితే జంతువు ఆడనే పడ్తది. తాకీ తాకనట్టు తాకితే? అది మంచె ఎక్కలేదు గద. డప్పు దిక్కు అస్తది. మా తాతకు నడుము కాడికెల్లి మోకాలు దాక కుట్లే. ఆ దొరది చిన్న తుపాకేం కాదు, ఊరంత దాని గురించే చెప్పుకునేటోళ్ళు. దొరకు గురి లేదు, గంతే.”

“అర్బాబ్‌కి గురి ఉందిలే. కుర్రతనంలో ఆ కొండ మీది తోడేలుని ఈ కొండ మీంచి కొట్టానని చెప్తారుగా.”

“కుర్రతనంల.”

“అంటే?”

“ఏం లేదు సారు. చాయ్ తాగుతరా? తెస్త.”

“కూర్చో. అంటే ఏంటి?”

“ఇస్రాయేలు యాదికున్నడా?”

“నీ ముందు బండి నడిపినాయన. మా రాజమండ్రి వైపు మనిషే. వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.”

“‘మెట్టున్నది అర్బాబ్, నా చెయ్యి పట్టుకోండ్రి’ అన్నడు. గంతే. వారంల టికెట్ చేతిల పెట్టిండ్రు.”

“మెట్టు చూపిస్తే తప్పేంటి?”

“చూపిచ్చుడే తప్పు. నేను చూపియ్య. మెట్టు కాడికి అచ్చినంక ముందుగాల నేనే కాలు టప్పుమని కొడ్త. ఆ సప్పుడు ఇని ఆయన ఎక్కుతడు.”

“గంగన్నా...”

“ఆయనకు కండ్లు కనవడ్తలేవు సారు.”

“చత్వారం అయ్యుంటుంది. అరవై దాటాయి కదా.”

“చత్వారమైతే కాయితం కనవడది. ఈయనకు మొన్న రోడ్డు మీద ఒంటె కనవడలే. ‘ఆ నీళ్ళ ట్యాంకరును పక్కకు జరగమని హారన్ కొట్టు’ అన్నడు.”

“మంచులో అయ్యుంటుందయ్యా. ఖరీఫ్ మంచులో నాకు మాత్రం ఏం కనపడింది? మా గేటే కనపడలేదు.”

“ఖరీఫ్ పోయి నెలయింది. మనకందరికి మంచు పోయింది సారు. ఆయనకే పోలే.”

“లేదు లేదు. నిన్ననే ఈ కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. నా కళ్ళ ముందే!”

“ఏడ పెట్టాల్నో ఎవలు చూపిచ్చిండ్రు?”

“నేనే... వేలు పెట్టి చూపించా. ఎప్పుడూ అలాగే కదా.”

“సదివింది ఎవలు?”

“నేనే. ‘నువ్వు చదువు రామ్మోహన్, నీ ఇంగ్లీషు వింటే బాగుంటుంది’ అంటారు. నేనది నిజమనుకుని మా ఆవిడ దగ్గర కూడా గొప్పగా చెప్పుకున్నా.”

“మీ ఇంగ్లీషు మంచిదే సారు.”

“ఎగతాళా?”

“ఇంతసేపు మీరు చేస్తలేరా?”

“సరే, చెల్లుకి చెల్లు. మరి ఆయన కొడుకులకి తెలుసా?”

“తెలిస్తే ఆఫీసు తాళాలు తీసుకుని ఇంట్ల కూసోపెడ్తరు. ఆయనకు గదే భయం. నాకెర్కని ఆయనకెర్క, ఆయనకెర్కని నాకెర్క. ఇద్దరం నోరు ఇప్పం.”

“ఎన్నాళ్ళయింది?”

“ఆర్నెల్లు.”

“ఆర్నెల్లు! మసక కళ్ళతో వెళ్ళి ఆయన దున్న ముందు నిలబడితే...”

“తాకీ తాకనట్టు తాకుతది.”

“నువ్వు పక్కనే ఉంటావు.”

“నేనుంట. నా సంగతి ఇడిచిపెట్టుండ్రి. ఆయన గూడ బతకడు సారు. మంచి మనిషి. నేను గోదాంల ఉన్నప్పుడు నాకు పచ్చకామెర్లయితే, తన బండి తానే నడుపుకుంట అచ్చి దవాఖానల పడేసిండు. నా మంచం పక్కన రెండు గంటలు కూసున్నడు. అర్బాబ్‌లు గట్ల కూసుంటరా? గసొంటి మనిషికి నేను తుపాకి నంబరు ఎట్ల చెప్పాలె?”

“అయితే చెప్పెయ్యి. వెళ్ళొద్దని చెప్పు.”

“మీరు చెప్పుండ్రి. సదువుకున్నోళ్ళు.”

“నేనా? మా అమ్మాయి మనోజ్ఞ పదో తరగతయ్యా. ఏడాది మధ్యలో నన్ను క్యాన్సిల్ చేస్తే దాని పరీక్షలేం కాను?”

“నాకు లేరా పిల్లలు? అచ్చే నెల నా బతాకా, గీ దేశంల ఉండనిచ్చే కార్డు, మళ్ళ చేపియ్యాలె. అర్బాబ్ సంతకం పెట్టకపోతే నేను సీదా ఖానాపూర్.”

“సంతకం ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తాలే.”

“గిప్పుడు గూడ ఎగతాళేనా?”

“నాకు భయమేస్తే ఇలాగే వస్తాయి మాటలు. ఏం అనుకోకు. ఒక పని చేద్దాం, ఫ్యాక్సు మెషీను పాడయిందని చెప్దాం.”

“రేపు?”

“రేపు కాగితం అయిపోయిందని...”

“జనవరి దాక చెప్తరా?”

“ఆగు, ఫోన్ పెట్టేశారు. వస్తున్నట్టున్నారు.”

తలుపు తెరుచుకుని అర్బాబ్ వచ్చాడు. బొంబాయిలో చదువుకున్నప్పుడు నేర్చిన ఉర్దూలోనే వీళ్ళతో మాట్లాడతాడు. నేరుగా వచ్చి రామ్మోహన్ కుర్చీ ముందు ఆగాడు.

“గంగన్నా, ఇంకా కూర్చునే ఉన్నావా? లే, బండి తియ్యి. రామ్మోహన్ ఏడీ?”

“అర్బాబ్, అదీ... నేను...”

“ఇద్దరం ఈడనే ఉన్నం అర్బాబ్. నేను గిటు పక్కన ఉన్న, రామ్మోహన్ సారు మీ ముంగట ఉన్నడు.”

“ఆఁ, ఉన్నారు, ఉన్నారు. ఇంతకీ ఏ తుపాకీ తేల్చారు?”

“మూడొందల డెబ్భై అయిదండీ! చాలా మంచిదట. ఇప్పుడే ఫ్యాక్సు కొట్టేస్తాను.”

“గంగన్న చెప్పాడా?”

“ఆఁ... గంగన్నే...”

“నేను చెప్పలే.”

“గంగన్నా, ఊరుకో.”

“ఊకుండుండ్రి సారు. అర్బాబ్, తుపాకి వద్దు. ఏ నంబరుది వద్దు.”

“ఎందుకు వద్దు?”

“మీకు కనవడ్తలేదు.”

“ఏమన్నావు?”

“మీకు కండ్లు కనవడ్తలేవు అర్బాబ్. గిప్పుడే రామ్మోహన్ సారును పట్టుకుని గంగన్నా అన్నరు. రేపు అడవిల దేన్ని పట్టుకుని ఏమనుకుంటరో! నన్ను పంపిస్తే పంపియ్యుండ్రి. టికెట్ గిప్పుడే చేతిల పెట్టుండ్రి. కని ముందుగాల మిమ్ముల కండ్ల డాక్టరు కాడికి తీస్కపోయి, అటెన్క పోత.”

“రామ్మోహన్, నీ మాట కూడా ఇదేనా?”

“నాదా అండీ?”

“ఈ గదిలో ఇంకో రామ్మోహన్ ఉన్నాడా? నాకు కనపడదు, నువ్వే చెప్పాలి.”

“నాదీ... ఇదే మాట అర్బాబ్. వెళ్ళొద్దు మీరు.”

“అరనిమిషం కిందట ఫ్యాక్సు కొడతానన్నావు.”

“భయమేసి అన్నానండీ.”

“ఇస్రాయేలుని పంపడం నా తప్పు. వాడు పోయాక ఈ ఆఫీసులో ఒక్కడూ నాతో నిజం మాట్లాడలేదు. నా నోటితో నేను చెప్పుకోలేను, పౌరుషం అడ్డం. అందుకే రెండు నెలల కిందట ఈ తుపాకీ మాట ఎత్తాను. ఈ కళ్ళతో వేటేమిటని మీ ఇద్దరిలో ఒక్కడైనా ఆ రోజే ఆపుతాడనుకున్నా. మీరేమో నాకు కేటలాగు తెప్పించారు!”