పువ్వు లేని చోటు

ఏమన్నవ్? తాత ఒక్కడే కూసొని గడ్డిని చూసి నవ్వుతున్నడా? నవ్వుత మరి. ఇట్ల రా, ఆ బ్లాంకెట్ కప్పుకొని కూసో, గాలి కొడ్తది. పొద్దుగాలంత ఫాగ్ ముసురుకొని, పదకొండు గొట్టంగనే ఎండ గాస్తది. ఇదే బిడ్డా ఈ కోస్ట్‌కి వచ్చే టైమ్, సెప్టెంబర్ ఆఖరు. జూన్ల, జులైల వచ్చెటోళ్లకు తెలివి లేదు, స్వెటర్లు ఏసుకొని వణుక్కుంట పోతరు. గా రోడ్డు మలుపు కాడ తెల్ల కుచ్చులు ఊగుతున్నయి చూడు, గుర్రం తోకల్లెక్క. పాంపస్ గ్రాస్ అంటరు. గవ్విటిని చూసే నవ్విన. మా వదిన యాదికొచ్చింది. వసంతలక్ష్మి వదిన, మా అన్న భార్య. నువ్వు చూడలె, నువ్వు పుట్టకముందే పోయింది. మీ మమ్మీనడుగు, అదితిని, చెప్తది. చిన్నపిల్ల అప్పుడు మీ మమ్మీ. ఈడికే వచ్చినం, గీ మెండొసీనో పక్కకే. గీ ఇల్లు గాదు, ఇంక జర అటుపోతె ఓ ముసలి తెల్లామె ఇల్లు కిరాయికి ఇస్తుండె, నీలం తలుపులు, ముందట తోట. ఇప్పుడు ఉన్నదో లేదో.

ఆఁ, వదిన. సన్నీవేల్‌ల మా ఇంటికి వాళ్ల ఇంటికి నడిచిపోయేంత దూరమే. అన్నొదినలే ముందు వచ్చిండ్రు, తర్వాత మేము. బతుకమ్మ అంటే ఎరికే కదా నీకు, స్కూల్ జిమ్‌ల ఆడ్తరు, పూలు గోపురం లెక్క పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ చప్పట్లు కొట్టుకుంట తిరుగుడు. గది ఈ బే ఏరియాల మొదలువెట్టినోళ్లల్ల మా వదినొకతె. అప్పుడేడ దొరుకుతయి పూలు? గునుగు లేదు, తంగేడు లేదు. నర్సరీల పొంటి తిరుగుతుండె, పక్కింటోళ్ల గులాబీలు అడుక్కొస్తుండె. నేనేమో, 'వదినా, నిన్ను చూసి ఈ వీధిల పూల చెట్లు గజగజ వణుకుతున్నయి' అంటుంటి. 'నోరు మూసుకొని కార్ తియ్యి మరిదీ' అంటుండె. వరసల మీద వరస పేరుస్తుంటె చూడాలె బిడ్డా, స్కేల్ పెట్టినట్టు. నేను ఇంజనీర్నే, నాకు రాదు గట్ల.

మరి ఆ ఏడు ఎండాకాలం మొదట్ల అన్న పోయిండు. గుండె. పొద్దున ఆఫీస్‌కి పోయినోడు... సరే, గదంత ఎందుకు. మనకు ఏడాదిదాక పండగ ఉండది, ఎవరు పోయినా అంతే, గది తెలిసిందే. కానీ వదిన అన్నది గది గాదు. బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాలం ఉండె, వాళ్లమ్మ ఇచ్చింది. అది తీసుకపోయి ఎవరికో ఇచ్చేసి వచ్చింది. మీ అమ్మమ్మ లబోదిబోమన్నది. 'ఎందుకిచ్చినవక్కా, వచ్చేయేడు ఏంట్ల పేరుస్తవ్?' అంటె, 'వచ్చేయేడు లేదు, ఆపై ఏడు లేదు. నా బతుకమ్మ అయిపోయింది సుమతీ' అన్నది. ఏడ్సుకుంట అన్నా బాగుండు. బియ్యం ఏరుకుంట అన్నది. నాకు భయమైంది. అన్న ఎట్లాగు పోయిండు, మనిషి బతికుండంగనే ఈమె గూడ పోతదా అని. ఇగ మనోళ్లు లేరా, 'పాపం, పిలిస్తె బాధపడ్తదేమో' అని మూతి ముడుసుకుంట గుసగుసలు. పిలవకుంట ఉండనీకి ఎంత తెలివో చూడు! పూలు కావాల్నంటె వదిన, పాట ఎత్తుకోవాల్నంటె వదిన, ఇప్పుడు బాధపడ్తదంట. ఇప్పటికీ వాళ్లు గుడిల కనవడితె నేను చెప్పుల కాడికి పోత.

అప్పట్ల పండగ నాడు ఆమె కిటికీ ముందటి పార్క్‌లనే అందరు ఆడ్తరు. ఆ చప్పట్లు ఇనుకుంట ఒక్కతె ఎట్ల కూసుంటది? నేనన్న, సుమతీ, ఈమెను తీసుకొని ఎటన్నా పోదాం, పువ్వన్నది కనవడని చోటుకు. ఆఫీస్‌ల ఒకాయన చెప్పిండు, మెండొసీనో పో, ఆడ ఏముంటది, బండలు, గాలి, గడ్డి, సముద్రం అని. గదే మనకు కావాల్సింది అని బుక్ చేసిన. ఇంజనీర్ బుర్ర! వదిన ముందు రానన్నది. 'మీ మొగుడు పెళ్లాలు హాలిడే పోతె నడుమ నేనెందుకు' అన్నది. నీవు లేకుంటె అదితి పోనంటున్నదని అబద్ధం చెప్పి ఎక్కిచ్చిన. కుక్కర్, పులిహోర, పచ్చళ్ల సీసాలు, డిక్కి పట్టలె. ఆ వంకరటింకర రోడ్డుకు మీ మమ్మీ రెండుసార్లు కక్కింది. ఆఖరు మలుపు తిరిగినమా... ఏం చెప్పాలె. కొండ కొండంత కుచ్చులే. ఇయ్యాల ఉన్నయి ఏపాటి, అప్పుడు మస్తుండె. కొన్ని తెల్లగ, కొన్ని జర ఊదారంగు గొట్టుకుంట. అచ్చం గునుగు పూలే, గాకపోతె రాకాసి గునుగు. మీ అమ్మమ్మ వెనుకనుంచి నా జబ్బ గిల్లింది, ఎర్రగ కమిలింది. నేను దిక్కుతోచక, 'వదినా, గటు చూడు, సీ లయన్!' అన్న. అటు ఒక ఆవు ఉన్నది, గడ్డి మేసుకుంట. వదిన ఆవును చూసింది, నన్ను చూసింది. 'మంచిగున్నది మరిదీ నీ సీ లయన్' అన్నది. ఎన్ని నెలలకో నవ్వింది. మళ్ల మొఖం తిప్పుకున్నది.

అబద్ధమెందుకు, మస్తు తిరిగినం బిడ్డా ఆ నాలుగు దినాలు. చీర మీద నా పాత జాకెట్, కాళ్లకు బూట్లు, గట్ల నడుస్తుండె వదిన ఆ గట్ల మీద. ఎర్రబడ్డ గడ్డి, మోకాళ్లెత్తు పొదలు, ఆ అంచుకు పోయి చూస్తె కిందంత తెల్లటి నురుగు. కంచెల పొంటి బ్లాక్‌బెర్రీలు, తిన్నోళ్లకు తిన్నన్ని, మీ మమ్మీ మూతంత నల్లగ. మధ్యాహ్నం బండ మీద కూసొని పులిహోర తింటె, గాలికి పల్లీలు ఎగిరిపోతుండె. కానీ వదిన ఎటు నడిచినా ఆ కుచ్చుల దిక్కు చూడకుంట నడుస్తున్నది. నేను చూస్తున్న కదా. చూడకుంట ఉండనీకి మనిషికి ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు.

మూడో దినం పెత్తరమాస, పెద్దలకు పెట్టే అమాస. ఆ మాపటి నుంచే బతుకమ్మ మొదలు, ఎంగిలిపూలు అంటరు. నేను ఆ సంగతి ఎత్తలె. మీ అమ్మమ్మ ఎత్తలె. పొద్దుగాల లేచి చూస్తె వదిన లేదు! బూట్లు లేవు, జాకెట్ లేదు. నా పానం పానంల లేదు, ఆ గట్టు అంచులు చూసినవు కదా. ఫాగ్‌ల ఉరికిన. ఉరికి చూస్తె, రోడ్డు పక్కకు పార్క్ జీప్ ఆగి ఉన్నది, పెద్ద మీసాల రేంజర్ ఒకాయన నిలబడ్డడు, ఆయన ముందట మా వదిన. చేతుల ఓ కుచ్చు, ఇంకో చేతుల పసుపచ్చ పూల కొమ్మ, చేతులు రెండు గీసుకపోయి నెత్తురు. ఆ గడ్డి ఆకు కత్తి లెక్క కోస్తది. నేననుకున్న, అయిపోయింది, పార్క్‌ల పూలు తెంపొద్దు, ఇగ ఫైన్ ఏస్తడు, వదిన సచ్చినా మళ్ల ఇంట్లకెళ్లి బయటికి రాదు. ఆయన ఏమన్నడంటె, గొంతు ఇట్ల, పీపాలకెళ్లి వచ్చినట్టు, 'మేడమ్, ఈ పసుపు పువ్వు ఈ నేలది, ఇది ముట్టద్దు. కానీ గీ కుచ్చున్నది చూడు, ఇది ఎక్కడ్నుంచో వచ్చి ఈడ పాతుకపోయింది, దీన్ని పీకలేక మా నడుములు ఇరుగుతున్నయి. ఎంత కావాల్నో అంత తీసుకపో, ప్లీజ్!' నేననుకున్న, ఎక్కడ్నుంచో వచ్చి పాతుకపోయినోళ్లల్ల మనం గూడ ఉన్నం కదా. ఎందుకు నీకివి అని అడిగిండు వదినను. వదిన ఇంగ్లీష్ అంతంతే. 'గాడెస్. దిస్ ఫ్లవర్ ఓన్లీ గాడెస్' అన్నది. ఆయన టోపీ తీసిండు బిడ్డా. జీప్‌లకెళ్లి తోలు గ్లవ్స్ తెచ్చి ఆమెకిచ్చిండు. ఆట అయినంక నీళ్లల్ల ఇడుస్తమని నేను చెప్పిన. ఒక్కటే కండిషన్ పెట్టిండు, సముద్రంల ఇడవద్దు, విత్తనాలు ఇంక పరుచుకుంటయి, సంచిల కట్టి చెత్తల ఎయ్యాలె. వదిన తలకాయ ఊపింది. సముద్రానికి చూపిచ్చి తెస్త అన్నది నాతోటి.

తాంబాలం ఏది? వంటింట్ల పిజ్జా చేసే పళ్లెం దొరికింది. ఇల్లు కిరాయికిచ్చిన ముసలామె తోటల డాలియాలు ఇచ్చింది, ఎర్రయి, పసుపుయి, 'కొయ్యి హనీ, కొయ్యి' అనుకుంట ఎనకాలనే తిరిగింది. టార్టియా రొట్టెలు ముక్కలు చేసి బ్రౌన్ షుగర్ కలిపి నైవేద్యానికి మలీద ముద్దలు చేసింది మీ అమ్మమ్మ. వదిన నేల మీద కూసున్నది, పేర్చవట్టింది. కుచ్చులను మూరెడు మూరెడు కోసుడు, దారం కట్టుడు, వరస తిప్పుడు. మీ మమ్మీ పూలందిస్తున్నది. పొద్దు గూకే యాళ్లకు, నీ నడుమంత ఎత్తు లేచింది బతుకమ్మ. ఇంటి ముందట గడ్డిల పెట్టినం. పేర్చినంక వదిన గ్లవ్స్ తీసి పక్కకు జరిగింది. 'మీరు ఆడుండ్రి' అన్నది. ఎవరు ఆడాలె? మీ అమ్మమ్మ, మీ మమ్మీ, ఇద్దరే. ఇద్దరు తిరిగితె గది బతుకమ్మ ఆటనా, ఎవరినో ఎవరో తరుముతున్నట్టున్నది. గాలేమో ఊకుంటలేదు. నేను వరండా మూలకు నిలబడ్డ, చేతులు ఎనకకు కట్టుకొని. చూడబుద్ధి గాలె, పోబుద్ధి గాలె.

ఇగ వదిన ఏం చేసిందంటె, చీర కొంగు నడుముల చెక్కి ఆటలకు వచ్చింది. మీ అమ్మమ్మ ఆగిపోయింది. 'అక్కా, ఏడాది తిరగలె' అన్నది భయంగ. వదిన నా దిక్కు చూసింది. నన్ను గాదు, నా దిక్కు. 'మీ బావ ప్రతియేడు గిట్లనే ఓ మూలకు నిలబడి చూసెటోడు సుమతీ, ఆట అయిపోయెదాక కదలకపోతుండె. ఇప్పుడు నేను ఆడకపోతె ఆయన ఎవరిని చూస్తడు?' అని చప్పట్లు కొట్టింది.

నేను ఆ మూలల నుంచి జర పక్కకు జరిగిన బిడ్డా. జాగ ఇచ్చిన.

...

చలి పెడ్తున్నది. పో, మీ మమ్మీని చాయ్ పెట్టుమను, అల్లం ఎక్కువ ఎయ్యమను.