లీటరుకు నాలుగు కిలోమీటర్ల కారు

నా పేరు డెబోరా. భర్త పేరు యేసుబాబు. నా వయసు నలభై ఒక్క సంవత్సరాలు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. నా భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు, కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్నాము. నా అత్త యేసమ్మ మాతోనే ఉంటుంది. ఈ రోజు శనివారం సాయంత్రం ఏడు గంటలకు నా అంతట నేనే పోలీస్ స్టేషన్‌కు వచ్చాను.

మా కారును ఎవరూ దొంగిలించలేదు. నేనే తీసుకెళ్ళాను. నా తమ్ముడు సామ్యేల్‌కు ఈ విషయం ఏమీ తెలియదు. ముందు ఇది రాసుకోమని కోరాను.

అది జర్మనీ కారు. నల్లది. ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే పని చేసిన ఒక కాంట్రాక్టరు ఊరు విడిచిపోతూ అమ్మితే మా ఆయన కొన్నాడు. బసంత్‌నగర్ దగ్గర మాకున్న ఇంటి జాగా అమ్మి కొన్నాడు. అంతకుముందు మాకు చిన్న కారు ఉండేది, దాన్ని నేనూ నడిపేదాన్ని. అది లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇచ్చేది. దాన్నీ అమ్మేశాడు. కొత్త కారు చూడటానికి వచ్చినవాళ్ళంతా కొన్న ధర అడిగి, ఇంత అగ్గువకా అన్నారు. నడిపే ఖర్చు ఎవరూ అడగలేదు.

మెల్లగా నడిపితే అది లీటరుకు ఎనిమిది ఇస్తుంది. తొక్కితే నాలుగు. ఇంకా తొక్కితే మూడు. మామూలు పెట్రోలు పోయకూడదు, ఖరీదైన రకమే పోయాలి. ఒక్క టైరు నా రెండు నెలల జీతం. సర్వీసుకు హైదరాబాద్ పోవాలి. ఎండాకాలంలో ఏదో ఎర్ర దీపం వెలిగితే లారీ మీద ఎక్కించి పంపాము. ఆ దూరానికి పెట్రోలు ఖర్చు కాలేదని మా ఆయన అన్నాడు. నవ్వుతూ అనలేదు.

చివరికి ఆయన దాన్ని బయటికి తీయడమే మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, కారులో కూర్చుని ఇంజను నడిపించి ఏసీ వేసుకునేవాడు. పక్క క్వార్టర్ల వాళ్ళు చప్పుడు వినడానికి వచ్చేవారు. కదలకపోయినా అది తాగుతుంది. సున్నా కిలోమీటర్లను ఎన్ని లీటర్లతో భాగించినా సున్నానే అని ఒకసారి అన్నాను. ఆయన, "ఇరవై రెండేండ్ల సంది బాయిల చీకట్ల పని జేస్తున్న. గీ గంట నన్ను ఇడిసిపెట్టు" అన్నాడు. 

నా తమ్ముడు సామ్యేల్ షేర్ ఆటో నడుపుతాడు. "పెండ్లి ఊరేగింపులకు కిరాయికిద్దాం బావా, దాని తిండి అదే సంపాదించుకుంటది" అని ఒకసారి మా ఆయనతో అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈ రోజు మా ఆయన ఫిర్యాదులో నా తమ్ముడి పేరు చెప్పడానికి కారణం ఆ మాటే. అంతకుమించి ఏమీ లేదు. మా ఇంట్లో కారు రెండో తాళంచెవి ఎక్కడుంటుందో కూడా నా తమ్ముడికి తెలియదు.

నా అత్తకు ఐలవ్వ అనే స్నేహితురాలు ఉంది. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి కూలికి పోయేవారు, ఒకే రేకుల ఇంటిని సగం సగం చేసుకుని బతికారు. ఇప్పుడు ఐలవ్వ మంథని అవతలి ఊర్లో కొడుకు మొగిలి దగ్గర ఉంటోంది. వానాకాలంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇక లేవదని డాక్టరు చెప్పాడు. నా అత్త ఫోన్‌లో ఆమెతో, "నా కొడుకు పెద్ద కారు కొన్నడే. అండ్లనే వస్త, జూడు" అని చెప్పింది. ప్రతి వారం కొడుకును అడిగింది. ఆయన ప్రతి వారం, "పోయి రానీకె పెట్రోల్ ఎంతైతదో ఎరుకేనా అవ్వా? వచ్చే నెల జూద్దాం" అన్నాడు. మొన్న మొగిలి ఫోన్ చేసి, ఐలవ్వ తిండి మానేసిందని చెప్పాడు.

ఈ రోజు మా ఆయనది పొద్దుటి షిఫ్టు. నాకు బడి లేదు. ఆయన పోయాక బీరువాలో నుంచి రెండో తాళంచెవి తీసి, అత్తను కారులో ఎక్కించుకుని బయలుదేరాను. ఫోన్ ఇంట్లోనే పెట్టాను. మరచిపోయి కాదు. ఈ కారును నేనెప్పుడూ నడపలేదు కాబట్టి మా ఆయనకు నా మీద అనుమానం రాలేదు. ఆటోలో పోవచ్చు కదా అని ఎస్.ఐ. గారు అడిగారు. పోవచ్చు.

స్టీరింగ్ ముందున్న తెర మీద, ఉన్న పెట్రోలుతో ఇంకా తొంభై కిలోమీటర్లు పోతుందని చూపించింది. మెల్లగా నడిపితే పోయి రావడానికి సరిపోయేది. కమాన్‌పూర్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. నా అత్త అడిగింది:

"ఇంతేనా బిడ్డా? ఇంకా జోర్‌గ పోదా?"

"పోతది అత్తమ్మా. కని బాగ తాగుతది."

"తాగనీ."

నేను తొక్కాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. నా అత్త కిటికీ దించి చెయ్యి బయటపెట్టింది. వద్దన్నాను. తీయలేదు. "ఇంకోపారి" అంది. మళ్ళీ తొక్కాను. ఆ తర్వాత ఆమె అడగకపోయినా తొక్కాను. ఎంత వేగమో ఎస్.ఐ. గారికి చెప్పాను. దానికి జరిమానా ఉంటే కడతాను. తొంభై కాస్తా నలభై అయింది, నలభై పది అయింది. మేము పోయిన దూరం అంత లేదు. దారిలో బంకు ఉంది, అక్కడ మామూలు పెట్రోలే ఉంది. మామూలుది పోస్తే ఇంజను పాడవుతుందని మా ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి ఆగలేదు. మంథని ఇంకా కొంత దూరం ఉందనగా కారు ఆగిపోయింది. ఒక చాయ్ హోటల్ ముందుకు తోయించి, తాళం వేసి, హోటల్ ఆయనకు చెప్పి, ఆటో మాట్లాడుకుని ఐలవ్వ ఇంటికి పోయాము.

ఐలవ్వ మంచంలో పడుకుని గుమ్మం వైపే చూస్తోంది. "కారేదే యేసమ్మా?" అని అడిగింది.

"దారిల నిద్రపోయింది. నువ్వు లేసి కూసో" అంది నా అత్త.

ఐలవ్వ నవ్వింది. లేవలేకపోయింది. నా అత్త ఆమె మంచం మీదే కూర్చుని జావ తాగించింది. గిన్నెడు తాగింది. నేను వాకిట్లో కూర్చున్నాను. లోపల ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

మొగిలి తన ఆటోలో మమ్మల్ని తిరిగి దింపాడు. క్వార్టర్ దగ్గర పక్కింటి సంధ్యారాణి ఎదురొచ్చి, "కారు పోయిందని మీ ఆయన కేసు పెట్టిండక్కా. మీ తమ్మున్ని ఆటో స్టాండు కాడి నుంచి అందరు జూస్తుండంగ తీస్కపోయిన్రు" అంది. అదే ఆటోలో అత్తను తీసుకుని ఇక్కడికి వచ్చాను.

నా తమ్ముడు గోడ పక్కన కింద కూర్చుని ఉన్నాడు. మా ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "కారేడుంది?" అని అడిగాడు. నేను చెప్పేలోపు నా అత్త అంది:

"మంచిగుంది నీ కారు. పెట్రోల్ మేమే తాగించినం. ఐలవ్వ జావ తాగింది. నీ బామ్మర్ది ఎందుకురా నేల మీద కూసున్నడు?"

 ఆయన వచ్చి నా తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాడు. "తప్పయింది సామ్యేల్" అన్నాడు.

తమ్ముడు, "గీడ చెప్తే ఏమొస్తది బావా? స్టాండు మీద అందరు జూసిన్రు" అన్నాడు.

"రేపు పొద్దుగాల స్టాండు కాడికొస్త. అందరి ముందట చెప్త."

"కార్ల రాకు."

"నడిసొస్త" అన్నాడు మా ఆయన.

కారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నా భర్త మీదా లేదు. నా తమ్ముడిని ఇప్పుడే పంపించమని కోరుతున్నాను.

ఎవరూ నేర్పకుండా, ఎవరికీ జంకకుండా జరిగింది జరిగినట్టే చెప్పాను. రాసినదాన్ని చదివి వినిపించారు, నేనూ ఒకసారి చదువుకున్నాను. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) డెబోరా

కారులో తాను కూడా ఉన్నానని, జోరుగా పొమ్మన్నది తానేనని, కాబట్టి తన గుర్తు కూడా ఉండాలని యేసమ్మ పట్టుబట్టినందున కింద ఆమె ఎడమచేతి బొటనవేలి ముద్ర తీసుకోవడమైనది.