వెస్లీ సెలవు

మార్కాపురంలో మాజీ ఎమ్మెల్యే కాటమరాజు ఇల్లు. ఓట్ల లెక్కింపులో ఓడిపోయిన నాలుగు రోజుల తర్వాత, ఒక పొద్దున. పదేళ్లుగా ఆయన వెంట నడిచిన గన్‌మన్ వెస్లీ బ్యాగు సర్దుకుని వరండాలో నిలబడ్డాడు.

"ముందు ఆ బ్యాగు కింద పెట్టు వెస్లీ."

"పెట్టినా సార్. మళ్ళీ ఎత్తుకోవాల్సిందే గదా. రేపు పొద్దున గిద్దలూరు స్టేషన్లో డ్యూటీకి చేరాల."

"రేపు గదా! ఈరోజే ఏంది తొందర?"

"తొందర నాకు కాదు సార్, మీకు. పదకొండింటికి ముహూర్తం. పిచ్చయ్య కూతురు పెళ్ళి."

"యా పిచ్చయ్య?"

"కంభం అవతల, గొర్రెల పిచ్చయ్య. నిన్న మూడుసార్లు ఫోన్ చేసినాడు. మూడుసార్లూ మీరు స్నానం చేస్తాండారని నాతో చెప్పించినారు."

"మోకాలు నొప్పిగా ఉంది వెస్లీ."

"నిన్న ఎడమ మోకాలన్నారు. ఇప్పుడు కుడిది పట్టుకోని కూచున్నారు."

"శివపార్వతీ! విన్నావా వీడి మాటలు? పదేళ్ళలో 'సార్', 'సరే సార్' తప్ప మూడో మాట అనలేదు. ఈరోజు నోరు లేసింది!"

"ఇక్కడే కాఫీ పట్టుకోని ఉండా గదయ్యా, ఎందుకట్ల అరుస్తావు? నాయనా వెస్లీ, నువ్వు అను. బాగా అను. పెళ్ళాం మాట ఈయన చెవికెక్కదు."

"అది కాదు శివపార్వతీ. ఆ ఊర్లో నాకెన్ని ఓట్లు వచ్చినాయో తెల్సా? చెప్పు వెస్లీ."

"నలభై ఒకటి సార్."

"పోయినసారి?"

"ఆరు వందల పైన."

"మరి? యా మొగం పెట్టుకోని పోవాల? అక్షింతలు వేసేకాడ ఒక్కొక్కడూ నన్ను చూసి నవ్వుతాంటే?"

"ఇదివరకు గూడా నవ్వినారు గదా సార్. ఆ ఊర్లో నీళ్ళ ప్లాంటు తెరిచిన రోజు."

"ప్లాంటు ఊసెత్తొద్దు."

"ప్లాంటు కథేంది? నాకు చెప్పలేదే?"

"ఏం లేదులే, నువ్వు లోపలికి పో."

"పోను. వెస్లీ, నువ్వు చెప్పు."

"సార్ రిబ్బన్ కత్తిరించి కుళాయి తిప్పినారమ్మా. ఉస్సుమని గాలి వచ్చింది. ఫోటోలోళ్ళు కెమెరాలు ఎత్తి పట్టుకోని ఉండారు. నేను ఎనకాల ట్యాంకు మీదికెక్కి, మేం తాగేదానికి తెచ్చుకున్న రెండు క్యాన్లు దాంట్లో కుమ్మరించినా. పేపర్లో ఫోటో బాగానే వచ్చింది."

"అయ్యో! ఆ ఫోటోకి ఫ్రేం కట్టించి హాల్లో పెట్టినా గదయ్యా!"

"మూడు నెలల్లో బాగు చేయించినా గదా! ఇప్పుడు నీళ్ళు వస్తాండాయి గదా! ఆ మాట మాత్రం ఎవరూ అనరు."

"నేనంటా సార్. వస్తాండాయి. దానికోసరం మీరు అసెంబ్లీలో గూడా మాట్లాడినారు."

"అదీ! అది చెప్పు ఆమెకు."

"మొదటిసారి గెలిచినప్పుడు రెండు నిమిషాలు ఇచ్చినారమ్మా. ఆ రెండు నిమిషాలకు, కనిగిరి పోయినా ఒంగోలు పోయినా కార్లో ఒకటే ప్రాక్టీసు. నేను స్పీకర్ని. సార్ నన్ను చూసి 'అధ్యక్షా' అనాల. టైం అయితే నేను గంట కొట్టాల."

"కార్లో గంటేడిది?"

"నోటితోనే అమ్మా. టింగ్ అని."

"టింగా!"

"టింగ్. తీరా ఆ రోజు వస్తే, సార్ లేసి అధ్యక్షులవారికి ధన్యవాదాలు, పార్టీ పెద్దలకు ధన్యవాదాలు, ఓటేసిన ప్రజలకు మండలం మండలం పేరు పెట్టి ధన్యవాదాలు... కంభం మండలం కాడికి వచ్చేసరికి టింగ్."

"నవ్వొద్దు శివపార్వతీ. రెండోసారి గెలిచినాక చూసినావా? ఒక్క ధన్యవాదం లేదు. లేస్తానే, 'అధ్యక్షా, నేను గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పుట్టినా. మా బోర్ల నిండా ఫ్లోరైడు నీళ్ళు. ముప్పై ఏళ్ళ మనిషి కర్ర పట్టుకోని నడుస్తాండాడు. పెళ్ళికొడుకు పీటల మీద మోకాలు మడవలేకపోతే కుర్చీ వేసినాం' అన్నా."

"అది నేను టీవీలో చూసినా. ఏడ్చినా గూడా."

"ఏడ్చినావా? నాకెప్పుడూ చెప్పలేదే."

"ఇంట్లో ఉంటే గదా చెప్పేది. నువ్వు వచ్చేదే ఫోన్ చెవికి పెట్టుకోని వస్తివి."

"ఆ మాటతోనే పదకొండు ఊర్లకు ప్లాంట్లు వచ్చినాయి. మరి ఓట్లెందుకు రాలేదు వెస్లీ? నిజం చెప్పు."

"కోప్పడతారు సార్."

"కోప్పడను."

"రెండోసారి గెలిచినాక మీరు కారు అద్దం దించలేదు సార్."

"ఏసీ పోతాదని..."

"ఒకరోజు పిచ్చయ్య మందను రోడ్డు పక్కకు తోలుకోని, మీ కారు చూసి చెయ్యి ఊపినాడు. మీరు ఫోన్లో ఉండారు. మీ బదులు నేనూపినా."

"నాకప్పుడే చెప్పొచ్చు గదా!"

"అట్లాంటియి చెప్పేది గన్‌మన్ పని కాదు సార్."

"ఇప్పుడైనా చెప్పినాడు, సంతోషించయ్యా. ఇంకోటి. నవ్వేదానికైతే పిచ్చయ్య మూడుసార్లు ఫోన్ చేస్తాడా? ఒకసారి చాలు గదా? పెళ్ళికూతురు సుజాతకు పెట్టేదానికి చీర గూడా తీసి పెట్టినా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా."

"నువ్వొక్కదానివే పోతే ఊరు ఇంకా నవ్వుతాది. సరే, పోదాం. కానీ వెస్లీ రావాల. ఈ ఒక్క ఊరికి రా నాయనా. పెళ్ళికాడ్నుంచి నిన్ను నేనే గిద్దలూర్లో దింపుతా."

"నేను రాను సార్. బస్సుకు పోతా."

"ఎందుకు రావు?"

"నేనుంటే మీరు జనాన్ని చూడరు సార్. నేను యాడుండానో చూసుకుంటా ఉంటారు."

"చూసుకోనా మరి? ఓడిపోయినోడు ఒంటరిగా పోయి పందిట్లో నిలబడేదానికి గుండె ఉండొద్దా? మొన్న గెలిచినోళ్ళు మన గేటు ముందర టపాకాయలు కాల్చినప్పుడు బయటికొచ్చి కుర్చీ వేసుకోని కూచున్నా. నిన్న కూరగాయల మార్కెట్ అంతా నడిచినా. ఒకడు ఎగతాళి చేస్తే నిలబడి జవాబు చెప్పినా. అదంతా నువ్వు తుపాకితో ఎనకాల ఉండబట్టే గదా! పదేళ్ళలో గన్‌మన్ లేకుండా నేను ఒక్కరోజన్నా తిరిగినానా?"

"నాలుగు రోజుల్నుంచి తిరుగుతానే ఉండారు సార్. లెక్కింపు రోజు మధ్యాన్నమే డిపార్ట్‌మెంటోళ్ళు నన్ను మీ డ్యూటీ నుంచి తీసేసి, తుపాకి తీసేసుకున్నారు. నేను సెలవు పెట్టి మీ ఇంట్లో ఉండా."