కోతల బాబాయ్ కారుకి నంబరొచ్చిన వైనం

ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆ బిల్డింగులో ఉన్న తెలుగువాళ్ళందరూ కింద బట్టలుతికే గదిలో చేరతారు. అందరూ అంటే ఎంతమందని, నలుగురే: ఒక వెల్డరు, ఒక వంటమాస్టరు, ఒక నర్సమ్మ, లిఫ్టులు బాగుచేసే ఆయన. మిషన్లు గిర్రున తిరుగుతుంటే, ఫ్లాస్కులో టీ పోసుకుని, బెంచీ మీద కూర్చుని, వారానికి సరిపడా తెలుగు ఆ ఒక్క పూటలో మాట్లాడేసుకుంటారు. ఆ లిఫ్టులాయన్ని కోతల బాబాయ్ అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు.

ఆ రోజు మాత్రం బాబాయ్ కోతలు కోద్దామని దిగలేదు. ఒక్క మాట అడుగుదామని దిగాడు.

సొంతూరి నుంచి ఓడలో తెప్పించుకున్న కారు ఆయనది. దానికి ఇక్కడి నంబరు రావాలంటే ఊరవతల తనిఖీ షెడ్డుకి తీసుకెళ్ళి చూపించాలి. రేపే ఆఖరు. దాటిందా, కారు తుక్కు కిందకే. పోయొద్దామంటే, ఇక్కడ బండ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన పోతాయి, బాబాయ్ కారుకి స్టీరింగూ కుడిపక్కే. ముందు లారీ ఉందంటే ఎదురుగా ఏమొస్తోందో కనపడి చావదు. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుని, తొంగిచూసి, "పోనీ... ఆగాగు" అని చెప్పాలి. ఊళ్ళో ఆ సీటు ఆయన భార్యది. ఆవిడ పోయింది. ఆ తర్వాతే ఉద్యోగం వెతుక్కుని ఇంత దూరం వచ్చాడు. అందరూ అమ్మెయ్యమంటే, మనసొప్పక కారు కూడా తెచ్చుకున్నాడు. షెడ్డుకని రెండుసార్లు ఒక్కడే బయల్దేరి, లారీ వెనకాల చెమటలు పట్టి, సగం దారిలోంచి తిరిగొచ్చేశాడు.

"రేపు నాతో కాస్త వస్తారా?" అంతే మాట. మెట్లు దిగుతూ నాలుగుసార్లు అనుకుని చూసుకున్నాడు కూడా.

తీరా గదిలో కాలు పెట్టాడో లేదో వెల్డరు పళ్ళికిలించాడు. "ఏం బాబాయ్, నీ కారుకింకా నంబరు రాలేదంటగా?"

వంటమాస్టరు కిసుక్కుమన్నాడు. అంతే, బాబాయ్ నోరు ఆయన మాట వినలేదు.

"రాలేదా? ఎవడ్రా చెప్పింది? మొన్న శుక్రవారమే వచ్చేసింది!"

"మరి బండికి లేదేం?"

"వాన తగ్గాక బిగిస్తా. కొత్త ప్లేటు తడవదూ? సరే, విను. వెళ్ళానా, లైన్లో నుంచున్నానా, ఇన్‌స్పెక్టరు నా లైట్లు చూశాడు. మన లైట్ల వెలుగు ఎడమవైపుకి వాలి ఉంటుంది కదా, ఇక్కడ అది ఎదుటివాడి కళ్ళల్లో కొడుతుంది, మార్చుకుని రా పో అన్నాడు. స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉందాయె. నుంచున్న చోటే తిప్పేశా."

"అది చేస్తావులే అన్నయ్యా, నీకు పనొచ్చు" అంది ఎదురుగా దుప్పటి మడతపెడుతున్న నర్సమ్మ.

అక్కడ ఆపి అడిగెయ్యాల్సింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముగ్గురూ తనవైపే చూస్తున్నారు. వారమంతా ఆయనవైపు అలా చూసేవాళ్ళెవరు? లిఫ్టు ఎక్కినవాళ్ళు లిఫ్టు తలుపు చూస్తారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకు చూస్తాం, రోలర్ల మీదకి ఎక్కించమన్నారు. ఎక్కించి ఒక్క తొక్కు తొక్కానా, బండి ఆగింది, రోలర్లు ఆగాయి, షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. గోడ గడియారం కూడా ఆగింది!"

"గడియారమా!" అన్నాడు వంటమాస్టరు, బట్టల బుట్ట చంకన పెట్టుకుని.

"వెళ్ళకు, ఉండు, అసలుది ఇంకా ఉంది. హారన్ కొట్టమన్నాడు. కొట్టా. లైన్లో కార్లన్నీ పక్కకి జరిగి దారిచ్చాయి. లోపల మనుషుల్లేనివి కూడా!"

"తాళాలు వేసినవి కూడానా?" అన్నాడు వెల్డరు.

"అవే ముందు జరిగాయిరా! ఆ హారన్‌కి పెద్దాఫీసరు మేడ మీంచి పరిగెత్తుకొచ్చాడు. నా చేయి పట్టుకుని, అయ్యా, ఇలాంటి బండి మా దేశంలో పుట్టలేదు, తమరు ఊఁ అంటే రేపట్నుంచి మా రోడ్లన్నీ ఎడంపక్కకి మార్చేస్తాం అన్నాడు. నేనే వద్దన్నా. ఒక్కడి కోసం ఇంతమందిని ఇబ్బంది పెట్టడం బాగుండదు కదా."

వెల్డరు పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వాడు. కానీ దేశం రోడ్లే మార్చేస్తామంటే వద్దన్నవాడు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పక్కన కూర్చోమని అడుగుతాడు? మిషన్లు ఒక్కొక్కటీ ఆగుతున్నాయి. ఇంకాసేపటికి ఎవరి గదిలోకి వాళ్ళు పోతారు. ఆపలేక ఇంకా పెంచాడు.

"వచ్చేటప్పుడు చూడాలి! ముందు లారీలు, వాటి ముందు లారీలు, కనుచూపు మేరా లారీలే. ఒక్కోదాన్నీ సర్రుమని దాటేసుకుంటూ..."

"అన్నయ్యా" అంది నర్సమ్మ, తలెత్తకుండానే. "మరి పక్కన కూర్చుని దారి చూసిందెవరు?"

వెల్డరు నవ్వబోయి, బాబాయ్ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

జవాబులు బోలెడు వచ్చాయి బాబాయ్‌కి. ఆఫీసరే కూర్చున్నాడనొచ్చు. రోడ్ల మంత్రి కూర్చున్నాడనొచ్చు.

"ఎవరూ లేరమ్మా" అన్నాడు. "అసలు వెళ్ళనే లేదు. రేపటితో గడువు ఆఖరు."

వంటమాస్టరు బుట్ట కింద పెట్టేశాడు.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అంది నర్సమ్మ.

"నీకెందుకమ్మా శ్రమ, నేనొక్కణ్ణే కళ్ళు మూసుకుని..." అని అలవాటుగా అందుకున్నాడు బాబాయ్.

ఆమె మడత ఆపి ఆయనవైపు చూసింది.

"ఎనిమిదింటికి" అన్నాడు.