ఎడమకు తిరిగితే వచ్చిన నిద్ర

"తాతా, పండుకుంటే నాకు సుత ఛాతిల మంట లేస్తున్నది. నువ్వు నెల రోజులు కుర్చీలనే నిద్రపోయినవని అవ్వ చెప్పింది. నిజమేనా?"

నిజమేనా అంటవా! మొన్ననే పై పోర్షన్ల కిరాయికి దిగినవ్, అప్పుడే అనుమానమా? నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమని తేల్చు, నా కుట్టుమిషిన్ నీకే రాసిస్త. నెల కాదు బిడ్డా, నలభై రోజులు. ఆగు, నలభై రెండు.

అది ఉత్త మంట కాదు. నా ఛాతి మీద గిన్నె పెడితే అమీర్‌పేట కోచింగ్ పోరగాళ్ళందరికి చాయ్ మరుగుతుండె. నడుము వాలిస్తే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులకు ఎగదన్నుడు, దగ్గుడు. నా దగ్గుకు పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగినయంటే నువ్వు నమ్మవు, పోనీ.

నేనేం జేసిన్నంటే, తప్పు మా ఇంటామె పులుసు మీదికి నూకిన. అది సుత ఎవరి ముంగట? ఎర్రమంజిల్ నుంచి భోజనానికొచ్చిన ఆమె సొంత తమ్ముని ముంగట. "బామ్మర్దీ, మీ అక్క చింతపండే నన్ను కాలుస్తున్నది" అన్న. అంతే! ఆనాటి నుంచి ఆమె నాతోటి మాట బంద్. పులుసు సుత బంద్. పూటపూటకు చప్పటి పప్పు. మంట తగ్గిందా? ఇంకింత పెరిగింది. ఎందుకంటవా, దుకాణం మూసి వస్తుంటే గల్లీ మూలకు మిర్చి బజ్జీలు... నాలుగు తింటుంటి. సరే, పది. తిన్నోణ్ణి తిన్నట్టే వచ్చి పండుకుందు. కోపం సుత ఉన్నది గదా, ఆమె మొఖం కనవడద్దని కుడి పక్కకు, గోడ దిక్కు తిరుగుదు. జరసేపట్ల మంట లేస్తుండె, ఇగ తెల్లారేదాక కుర్చీలనే.

మాట లేని ఇల్లెట్లుంటదో నీకెరికనా? బనీన్ ఏడుందో సుత గోడనే అడగాలె. మంటకన్నా అదే ఎక్కువ కాల్చింది నన్ను. గిది ఆమెకు చెప్పకు.

ఆఖరికి పంజాగుట్టల ఒక డాక్టరమ్మ కాడికి పోయిన. ఆంధ్ర దిక్కు బిడ్డ, నీ ఈడుదే. కతిరింపు గుడ్డలు కుక్కి ఏడు మెత్తలు కుట్టి తల కింద పెట్టుకున్న అని గొప్పగ చెప్పిన. నవ్వింది. "దిండ్లు పేరిస్తే నడుము మడతపడి పొట్ట మీద ఒత్తిడి పడుతుందండీ. మంచానికి తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు లేపండి. తిన్నాక మూడు గంటలు ఆగండి. పడుకునేటప్పుడు ఎడమకు తిరగండి. అప్పుడు పొట్ట సంచీ మూతి పైకుంటుంది, పులుపు వెనక్కి రాదు."

చూడు! ప్యాంటు కుట్టుడు పన్నెండు రూపాయలున్ననాటి నుంచి జేబులు కుట్టినోణ్ణి, మూతి ఎటుంటే లోపలిది ఒలకదో నాకు తెల్వదా? ఇంటికొచ్చి, ఆమె మంచం మీద ఉండంగనే ఒక్క చేత్తోటి మంచం లేపి ఇటుకలు పెట్టిన.

గని ఎడమ పక్క ఎవరున్నరు? పెండ్లినాటి నుంచి ఆమె జాగ నా ఎడమ పక్కనే! తిరిగితే ఎదురుంగ ఆమె మొఖం. నేను ఓడుతనా? ఉపాయం తట్టింది. తల కాళ్ళ దిక్కు పెట్టిన, అటు పండుకుంటే ఎడమకు గోడే వస్తది. మస్తు తెలివి గదా! ఇటుకలు మర్చిపోయిన. కాళ్ళు ఆకాశానికి, తల పాతాళానికి! పులుపు ముక్కుల నుంచి వచ్చింది. పైగా అటు ఉత్తరం. ఆమె లేసి కూసున్నది. నాతోటి కాదు, గోడతోటి అన్నది: "ఉత్తరానికి తల పెట్టినోళ్ళకు తెల్లారి లేసే ఉద్దేశం లేనట్టుంది."

దగ్గుకుంట, ముక్కు తుడుచుకుంట మళ్ళ ఇటు వచ్చిన. ఎడమకు తిరిగిన. ఆమె కండ్లు తెరిచే ఉన్నయ్. ఇగ ఏం జేస్త?

"నీ పులుసుది తప్పు లేదు" అన్న.

"మళ్ళ చెప్పు, నా తమ్మునికి ఇనవడాలె" అన్నది.

ఎర్రమంజిల్ దాక ఇనవడేటట్టు ఒర్లిన! ఆమె నవ్వింది బిడ్డా. తర్వాత నాకేం తెల్వదు. మూడు రోజులు ఏకంగ నిద్రపోయిన. ఏందట్ల చూస్తవ్? సరే, పొద్దెక్కేదాక.

నువ్వు సుత గట్లనే పండుకో, సల్లగుంటవ్. గా మంట తగ్గకుంటే మాత్రం డాక్టరమ్మ కాడికి పో, నా లెక్క నలభై రోజులు ఆగకు. నేను చెప్పింది నమ్మకుంటే, ఎడమ పక్కనున్న మనిషి సాక్షి, పోయి అడుగు. పేరు సత్తెమ్మ.