తూము రాయి మీద సాలెపురుగు

చెరుకు బండ్ల వెనకాల ఒక ఎడ్లబండి నెమ్మదిగా పోతోంది. తోలేవాడు సాయన్న. వెనక గడ్డి మీద కూర్చున్నది అతని భార్య రేణుక. సాలెపురుగు చేపను తిన్నదని చెప్పిన పాపానికి ఆమెకు దయ్యం పట్టిందని ఇల్లంతా తేల్చేసింది. రెండు నెలల బిడ్డను అత్త దగ్గర, అంటే సాయన్న అవ్వ దగ్గర, ఉంచేసి, ఈమె జడలో వేపాకు గుచ్చి బండెక్కించారు. దయ్యాలు విడిపించే మనిషి ఉన్న నవీపేట్ వైపు మలుపు ఇంకా రాలేదు.

“మల్ల అదే మాట. సాలెపురుగు చేపను తింటదా, రేణుకా?”

“తిన్నది. నేను సూసిన.”

“ఈగలను తింటది. దోమలను తింటది. చేపనట! ఊరంత నవ్వుతున్నది.”

“నవ్వనీ. నా కండ్లకేం రోగం లేదు. గుప్పెడంత ఉంది. ఎన్క కాళ్ళు తూము రాయి మీద పెట్టింది, ముందటి కాళ్ళు నీళ్ళ మీద పెట్టింది. కదల్లే, మెదల్లే. పరక చేపపిల్ల గట్ల వచ్చిందో లేదో...”

“సాలు.”

“ఎగిరి పట్టింది. రాయి మీదికి గుంజింది. ఆ పక్కకే మీ అవ్వ కాళ్ళు సాపుకొని బిడ్డకు నీళ్ళు పోస్తున్నది. జానెడు దూరం లేదు. నేనేం చెయ్యాలె? సూసుకుంట నిలవడాల్నా?”

“అవ్వను కాల్వల నూకినవ్.”

“నూకలే! బిడ్డను గుంజుకున్న. ఆమె జారింది.”

“సలికి వణుక్కుంట ఇంటికొచ్చింది ముసల్ది. సాలెపురుగు ఏది, సూపియ్యి అంటే సూపియ్యకపోతివి.”

“ఊరోళ్ళంత లొల్లి చేసుకుంట ఉరికొస్తిరి. మీకోసం అది ఆడ్నే కూసుంటదా?”

“పోశన్న పుట్టినకాడికెల్లి ఆ కాల్వ నీళ్ళే పారిస్తున్నడు. ఆయనెన్నడు సూడలేదట.”

“పోశన్న బీడీ తప్ప ఏం సూస్తడు?”

“నవ్వులాట కాదు. నిరుడు ఆ తూము కాడ చెరుకు కొట్టెటోడు మునిగి సచ్చిండు. గట్ల సచ్చినోళ్ళు పురుగు రూపంల కనిపిస్తరట. వాడే నిన్ను పట్టిండని అవ్వ అంటున్నది.”

“అవ్వ అంటున్నది. నువ్వేమంటున్నవ్?”

“హై! హై! ముందట బండి ఆగింది.”

“నిన్నే అడుగుతున్న.”

“నేనేమంట? తోల్కపొమ్మన్నరు, తోల్కపోతున్న.”

“బిడ్డ ఏం తాగిందో ఏమో. నా రవిక తడిసిపోతున్నది.”

“అవ్వ మేకపాలు తాపుతది.”

“నా పాలకేమైంది?”

“దయ్యం పోయేదాక తాపొద్దన్నది గద.”

“నాకు దయ్యం లేదు! పాలు గడ్డగట్టి నొప్పి లేస్తున్నది, గంతే. నువ్వు నా మొగనివి. నా దిక్కు ఒక్క మాట అనరాదా?”

“మెల్లగ. ముందటోళ్ళు ఇంటరు.”

“ఆ నవీపేటామె ఏం చేస్తదో నీకెర్కేనా?”

“ఎర్కే.”

“ఏం చేస్తది? చెప్పు.”

“మా చిన్నమ్మను గాడికే తోల్కపోయిండ్రు.”

“అచ్చినంక?”

“గుండుతోని అచ్చింది. ఈపంత బరిగెల వాతలు. మల్ల ఎన్నడు నోరిప్పలే. గొడ్ల కొట్టంల కూసునేది. ఇంట్ల ఎవ్వలు పసిపిల్లలను ఆమె చేతికియ్యకపోదురు.”

“గది తెలిసి నన్ను తోల్కపోతున్నవా?”

“గందుకే గద మొత్తుకుంటున్న! మలుపు రాలే ఇంక. నేనేం సూడలే, బాలింతను, కండ్లు తిరిగినయి అను. ఒక్క మాట. బండి మలుపుత. బిడ్డ నీ ఒళ్ళె ఉంటది.”

“అబద్ధం ఆడాల్నా?”

“ఆడు. ఏమైతది?”

“రేపు మీ అవ్వ మల్ల ఆ రాయి మీదనే కూసొని బిడ్డకు నీళ్ళు పోస్తది. నేనేమని ఆపాలె? ఏం సూడనిదాన్నైతి గద.”

“మలుపు అచ్చింది, రేణుకా.”

“నేను సూసిన.”

“నీ కాళ్ళు మొక్కుత. అను.”

“నేను సూసిన...”

“బిడ్డను యాది చేసుకో. అను!”

“సూడలే.”

“ఏం సూడలే?”

“సాలెపురుగును సూడలే. చేపను సూడలే. కండ్లు తిరిగినయి. ఇగ సాలునా? నా బిడ్డ కాడికి తోలు.”

“హై! మల్లు, మల్లు! బతికినం. ఇంటికాడ గిదే చెప్పు. ఏడువకు. ఆ వేపాకు తీసి అవతల పారెయ్. బిడ్డకు ఇగ ఇంట్లనే నీళ్ళు పోద్దాం. సలి వడ్తదని అవ్వకు నేను చెప్త. నువ్వు బట్టలకు పోయినా ఆ రాయికి ఎడమ దిక్కు కాలు పెట్టకు. గుడ్ల మూట కడుపు కింద పట్టుకొని ఉంటది, ఊకె మీదికురుకుతది...”

“గుడ్ల మూటనా?”

“ఆఁ?”

“గుడ్ల మూట ముచ్చట నేను చెప్పలే గద.”

“చెప్పినవ్.”

“చెప్పలే. నాకు గుడ్లు కనిపియ్యనే లేదు. ఎడమ దిక్కని గూడ చెప్పలే. నా దిక్కు సూడు. ఎప్పుడు సూసినవ్?”

“రేణుకా, బండి తోలనీ.”

“ఎప్పుడు?”

“నీకంటె ముందు. ఎడ్లను కడుగవోయిన. కప్పపిల్లను పట్టి నములుతుండె.”

“నాకంటె ముందే! అంతమంది నన్ను నడుమ నిలవెట్టి నవ్వుతుంటే, నా సంకలకెల్లి బిడ్డను గుంజుకుంటుంటే, నువ్వు ఆడ్నే ఉంటివి గద!”

“సూసిన అని నేనంటే, ఇయ్యాల ఆ గడ్డి మీద నేను కూసుంటుంటి. అవ్వకు చెప్పకు, రేణుకా.”